ఆరో పాట

ఎండు నెత్తళ్ళ తలలు తుంచి, పొట్ట చీల్చి, నల్లటి పేగు తీసి పారేస్తున్నాం, అత్తయ్యా నేనూ. వంటింటి నేల మీద పాత పేపరు పరిచి, మధ్యలో కిలోన్నర పెట్టె బోర్లించుకున్నాం. పేగు తియ్యకపోతే చారు చేదెక్కుతుంది. అత్తయ్య కింద పరిచిన పేపరులో వార్త చదువుకుంటూనే బొటనవేలి గోటితో ఒక్క గీత గీస్తారు, పేగు ఊడొస్తుంది. నేను కొరియా దక్షిణ కొసన, వాండో దీవిలో పుట్టాను. మా బడి కిటికీలోంచి చేపల పడవలు కనబడేవి. అయినా ఆవిడ మూడు చేపలు తీసేలోపు నేనొకటి తీస్తాను.

మావయ్య మా పక్కనుంచి బాల్కనీలోకి వెళ్ళారు. బాల్కనీలోంచి ముందుగదిలోకి, ముందుగదిలోంచి మళ్ళీ మా పక్కకి. పొద్దున్నుంచి పదోసారో పన్నెండోసారో.

"జూహన్ నాన్నా, ఆ కాళ్ళు కాస్త చూసి వెయ్యండి. నెత్తళ్ళు తొక్కుతున్నారు," అన్నారు అత్తయ్య.

"తొక్కలేదు."

"ఇప్పుడు తొక్కారు. ఆ అబ్బాయి వచ్చి కూర్చుంటే సాక్సుల కంపు కొడుతుంది. నల్లరేవు వారి గిటారు చేపల వాసనేస్తోందని అట్ట మీద రాస్తాడు."

మావయ్య ఒంటికాలి మీద నిలబడి సాక్సు వాసన చూసుకున్నారు. లోపలికెళ్ళి వేరే జత తొడుక్కొచ్చారు. ఆ పూటకి అది మూడో జత.

వచ్చే అబ్బాయి పేరు యొమ్ తేయిన్. పాత రికార్డులు వెతికి పట్టుకుని మళ్ళీ వేసే చిన్న కంపెనీ ఒకటి సియోల్‌లో నడుపుతున్నాడు. 1979లో మావయ్యా, ఆయన స్నేహితులు ముగ్గురూ కలిసి ఒకే ఒక్క రికార్డు చేశారు. జట్టు పేరు 'నల్లరేవు'. మావయ్యది గిటారు. అప్పట్లో వేసినవాటిలో సగానికి సగం అమ్ముడుపోలేదట. ఇప్పుడేమో జపాన్ వాళ్ళూ జర్మనీ వాళ్ళూ దానికోసం దుకాణాలన్నీ గాలిస్తున్నారట. అదే అట్టతో, అవే పాటలతో మళ్ళీ తెస్తామని తేయిన్ ఫోన్ చేశాడు. ఆ రోజు మావయ్య రేడియోలు బాగుచేసే తన కొట్టు మధ్యాహ్నమే మూసేసి ఇంటికొచ్చి, గోడవైపు తిరిగి కూర్చున్నారు. భుజాలు కదులుతుంటే అత్తయ్య చూసి, టీవీ గొంతు పెంచారు.

రాత్రి అన్నం దగ్గర ఆయన సంగతి చెప్పాక ఆవిడ వేసిన ప్రశ్న ఒక్కటే.

"ఆరో పాట కూడా వేస్తారా?"

మావయ్య చారులో ఏదో వెతుకుతున్నట్టు చెంచా తిప్పుతూ ఉండిపోయారు.

గిన్నెలు కడుగుతున్నప్పుడు నేను అడిగాను, ఆరో పాట ఏమిటని.

"ఏదో ఒకటిలే. నేను పాడింది," అన్నారు అత్తయ్య.

ఈ ఇంటికి కోడలిగా వచ్చి మూడేళ్ళయింది. ఆవిడ పాడతారని నాకు తెలియదు. కార్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చాక మా ఆయన జూహన్‌ని అడిగాను. "అమ్మా? పాటా?" అని నవ్వి స్నానానికి వెళ్ళిపోయాడు.

మిగతాదంతా ఈ వారం రోజుల్లో, పనుల మధ్య, ముక్కలుముక్కలుగా అత్తయ్యే చెప్పారు. ఆ రోజుల్లో ఎవరు రికార్డు వేసినా చివర ఒక పాట తప్పనిసరి. తొందరగా లేద్దాం, వీధులు ఊడ్చుకుందాం, దేశం కోసం చెమటోడుద్దాం, అలాంటిది. ప్రభుత్వం దానికి పెట్టిన పేరు 'మంచిపాట'. ముందు పాటలన్నీ చెడ్డవన్నట్టు. ప్రేమపాటల రికార్డయినా తాగుబోతు పాటల రికార్డయినా తోకకి ఒక మంచిపాట ఉంటేనే అనుమతి ముద్ర పడేది. చాలా కంపెనీలు ఏదో ఒక బృందగానం దగ్గర పెట్టుకుని, అన్ని రికార్డులకీ అదే అతికించేవి. నల్లరేవు రికార్డు వేసిన కంపెనీ దగ్గర అదీ లేదు. మీరే పాడి ఇవ్వండి అన్నారు.

జట్టులో పాడే మనిషి మున్సొక్. జుట్టు పొడుగ్గా ఉందని పోలీసులు నడిరోడ్డు మీద రెండుసార్లు కత్తిరించిన మనిషి. "వాళ్ళ కత్తెరకి జుట్టిచ్చాను, గొంతు ఇవ్వను," అని స్టూడియో వరండాలోకి పోయి కూర్చున్నాడు. అయిదు గంటలకల్లా స్టూడియో ఖాళీ చెయ్యాలి. అత్తయ్య అప్పుడు సిటీబస్సులో కండక్టరు. మావయ్యతో పెళ్ళి ఇంకా కాలేదు. కడుపునొప్పని డిపోలో చెప్పి, యూనిఫారంలోనే ఆయనకి అన్నం డబ్బా పట్టుకెళ్ళారు.

"మీ మావయ్య నా మోచెయ్యి పట్టుకుని మైకు ముందుకి తోశారు," అని చెప్పారు అత్తయ్య. "రోజంతా రైట్ రైట్ అని అరుస్తావుగా, అలాగే పాడెయ్ అన్నారు. కాగితం చేతిలో పెట్టారు. ఒక్కసారే పాడాను. డ్రమ్ములు కొట్టే ఆయన ముందు నవ్వాడు గానీ, తర్వాత బాగానే కొట్టాడు."

"మరి అట్ట మీద పేరు వెయ్యలేదా అత్తయ్యా?"

"వేస్తే నా కడుపునొప్పి సంగతి డిపోలో అడగరూ?"

మున్సొక్ వరండాలోంచి మొత్తం విన్నాడు. లోపలికొచ్చి కోటు తీసుకుని, "నా రికార్డుకి వాళ్ళ తోక తగిలించావు, అదీ నీ పిల్ల నోటితో," అని మావయ్యతో అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నలుగురూ కలిసి మళ్ళీ వాయించలేదు. తొంభై నాలుగులో మున్సొక్‌కి కాలేయం చెడింది. మావయ్య ఆసుపత్రికి వెళ్తే, ఎప్పుడైనా ఆ రికార్డు మళ్ళీ వేస్తే దాని తోక కోసెయ్ అన్నాడట. మావయ్య సరేనన్నారు. వారం తిరక్కుండానే మున్సొక్ పోయాడు.

ఇప్పుడు ఆ రికార్డు మళ్ళీ వేస్తున్నారు. మావయ్య తోక కొయ్యాలి. తోక అంటే అత్తయ్య గొంతు.

తేయిన్ పదకొండింటికి అయిదు నిమిషాల ముందే వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, మెడ సన్నగా పొడుగ్గా ఉంది. ద్రాక్షరసం సీసాల పెట్టె గుమ్మంలో పెట్టి, బూట్లు విప్పి, నడుం వంచాడు. మావయ్య కూడా వంగారు. అది చూసి అతను ఇంకొంచెం వంగాడు.

"చాల్లెండి, ఇద్దరికీ నడుములు పట్టేస్తాయి. కూర్చోండి బాబూ," అన్నారు అత్తయ్య.

తేయిన్ నేల మీద మోకాళ్ళు మడిచి కూర్చున్నాడు. "మాస్టారూ, మీ రెండో పాటలో గిటారు విని నేను కాలేజీ మానేశానండి."

"మీ అమ్మ నన్ను తిట్టలేదా?"

"ఇప్పటికీ తిడుతుందండి. మీ పేరు తెలీదు కాబట్టి 'ఆ గిటారువాడు' అంటుంది."

మావయ్య పెద్దగా నవ్వారు. ఆయన అంత పెద్దగా నవ్వడం నేను చూసింది తక్కువ. ఆ నవ్వులోనే కాలు ఒకటి ఊగుతోంది, వేళ్ళు మోకాలి మీద ఏదో తాళం వేస్తున్నాయి. ఒక్క నిమిషం ఊరుకోవు ఆ వేళ్ళు.

తేయిన్ సంచీలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు. సమ్మతి పత్రం. పాటల పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ప్రతి పాట పక్కనా పాడినవారి పేరు, ఆ పక్కన ఉంచాలా తియ్యాలా అని రెండు గళ్ళు. అయిదు పాటల పక్కన 'గిల్ మున్సొక్' అని ముందే టైపు చేసి ఉంది. ఆరోదాని పక్కన ఖాళీ.

"ఇదొక్కటే మాస్టారూ నాకు తెలీనిది. బయటిదేశాల వాళ్ళు ఉన్నది ఉన్నట్టు కావాలంటారు. మనవాళ్ళలో చాలామంది ఆ మంచిపాట తీసి పారెయ్యమంటారు, చూస్తేనే ఒళ్ళు మండుతుందంటారు. జట్టులో మిగిలింది మీరూ, పుసాన్‌లో డ్రమ్ములాయనా. ఆయన మీ ఇష్టమే తన ఇష్టమన్నారు. మీరెలా అంటే అలాగే."

"తీసెయ్యండి," అన్నారు మావయ్య.

అత్తయ్య వంటింటి గుమ్మంలో కూర్చుని బేరిపండు చెక్కు తీస్తున్నారు. కత్తి ఆగలేదు.

"సరేనండి. ఎందుకడిగానంటే, ఇది మామూలు మంచిపాటల్లా లేదు. కంపెనీ అతికించిన బృందగానం కాదు. డ్రమ్ములు మీవే, గిటారు మీదే. పాడిన అమ్మాయి ఎవరో బల్లగుద్ది చెప్తున్నట్టు పాడింది. ఎవరండీ ఆవిడ?"

మావయ్య కాలు ఊగడం ఆగింది.

"తెలీదు. కంపెనీ వాళ్ళు ఎవర్నో తెచ్చారు."

నేను బార్లీ నీళ్ళు పోస్తున్నాను. గ్లాసు నిండి అంచు దాకా వచ్చిందని ఆలస్యంగా చూశాను. అత్తయ్య పండు ముక్కలు పళ్ళెంలో సర్ది, లేచి వచ్చి, తేయిన్ ముందు పెట్టారు. ఒక ముక్క ఫోర్కుతో గుచ్చి అతని చేతికిచ్చారు.

"తినండి బాబూ. ఈ ఏడు పళ్ళు తియ్యగా ఉన్నాయి."

"అమ్మగారూ, మీరూ వినేవారా అప్పట్లో మాస్టారి పాటలు?"

"నాకు పాటలేం తెలుసు," అన్నారు అత్తయ్య. మళ్ళీ గుమ్మం దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. చెక్కు తీయడానికి ఇంక పండు లేదు. కత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

అప్పుడు తేయిన్ తెల్ల చేతితొడుగులు వేసుకుని రికార్డులు బయటికి తీశాడు. అసలు టేపు లేదట. కంపెనీ మూతపడే రోజుల్లో దాని మీద ఇంకేదో రికార్డు చేసేశారట. అందుకని శుభ్రంగా ఉన్న కాపీలు తెచ్చి, ఏ పాట ఏ కాపీలో బాగుందో చూసుకుని, అందులోంచి ఆ పాట తీసుకోవాలి. ఇద్దరు సేకరణదారుల దగ్గర అడిగి తెచ్చిన కాపీలు రెండు. మూడోది మావయ్య కాపీ.

అతను మొదటిదాన్ని కిటికీ వెలుగులోకి ఏటవాలుగా తిప్పాడు. నేను వెనకనుంచి చూశాను. రికార్డు మీది చాళ్ళు మా ఊరి పొలాల్లో చాళ్ళలాగే ఉన్నాయి, కాకపోతే గుండ్రంగా తిరుగుతాయి. ప్లేయరు ముల్లు ఎక్కువగా నడిచినచోట బూడిదరంగు తిరిగి మసకబారుతుంది, నడవనిచోట తళతళలాడుతుంది. అది అతను చెప్పకుండానే తెలిసింది.

"చూశారా మాస్టారూ, తమాషా. రెండో వైపు పాటలన్నీ అరిగాయి. చివర, లేబుల్ పక్కన ఈ వేలెడు వెడల్పు మాత్రం కొత్తదే. మంచిపాట. ఎవరూ వినరు. అయిదో పాట అవ్వగానే లేచి ముల్లు ఎత్తేస్తారు. ఏ కాపీ చూసినా ఇంతే. ఇదిగో, ఇదీ అంతే." రెండోదాన్ని తిప్పి చూపించాడు. తర్వాత మావయ్య కాపీ తీసి వెలుగులో పెట్టాడు. పెట్టి, దగ్గరికి తెచ్చుకున్నాడు. జేబులోంచి భూతద్దం తీశాడు.

"ఇదేంటి," అన్నాడు.

మావయ్య కాపీలో పాటలన్నీ కొత్త రికార్డులా మెరుస్తున్నాయి. లేబుల్ పక్కన వేలెడు వెడల్పు మాత్రం సున్నం పూసినట్టు తెల్లబారి ఉంది.

"ఈ ఇంట్లో ఎవరికో మంచిపాటంటే ప్రాణం మాస్టారూ," అని తేయిన్ నవ్వాడు. "వందలసార్లు పెట్టుంటారు. ముల్లు దున్నేసింది."

ఎవరూ నవ్వలేదు. మావయ్య రికార్డు వైపు చూశారు. వంటింటి గుమ్మం వైపు చూడకుండా ఉండడానికి ఆయన మెడ ఎంత బిగించారో నాకు కనబడుతూనే ఉంది.

"మా వాడు అయ్యుంటాడు. చిన్నప్పుడు. స్కూల్లో నేర్పేవారుగా ఇలాంటివి," అన్నారు.

"అవునండి, పిల్లలకి ఇష్టం," అన్నాడు తేయిన్. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండులోపు కాగితం నింపి పంపితే చాలునని, రికార్డులు వేసే ఫ్యాక్టరీలో తమ వంతు ఆ రోజుతో అయిపోతుందని, ఫోన్‌లో ఫోటో తీసి పంపినా సరిపోతుందని చెప్పి లేచాడు. గుమ్మంలో మళ్ళీ ఇద్దరూ వంగారు. ఈసారి మావయ్య లేవడం ఆలస్యమైంది.

ఆ మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఇంట్లో ఎవరమూ ఒకచోట కుదురుగా లేం. మావయ్య కొట్టుకి వెళ్ళడం, గంటకి తిరిగి రావడం, ఏదో మర్చిపోయానని చెప్పి ఏమీ తీసుకోకుండా మళ్ళీ వెళ్ళడం. అత్తయ్య చలికాలం బొంతలు నెలరోజుల ముందే దించి, కుట్లు విప్పి, గలీబులు ఉతికి, మళ్ళీ కుట్టడం మొదలుపెట్టారు. దారం తెగితే అలాగే చూస్తూ కూర్చునేవారు. నేను ఆ బొంత రెండో అంచు పట్టుకునేదాన్ని.

బుధవారం అన్నం దగ్గర మావయ్య కిమ్చి ముక్క అటూ ఇటూ తిప్పుతూ అన్నారు, "ఆ చివరి పాట జూహన్ పెట్టేవాడా?"

"వాడికి ముల్లు విరగ్గొట్టడమే తెలుసు, పాట పెట్టడం ఎక్కడ తెలుసు."

"మరెవరు?"

"ఎలకలు."

"నేను మామూలుగా అడుగుతున్నా."

"నేనూ మామూలుగానే చెప్తున్నా. తినండి, చల్లారిపోతోంది."

ఆయన రెండు ముద్దలు తిని ఆగారు. "మున్సొక్‌కి మాటిచ్చాను."

"తెలుసు. ఇరవైమూడేళ్ళ నుంచి వింటున్నా."

"చచ్చిపోయేవాడికి ఇచ్చిన మాట అది."

"కోసెయ్యమనే కదా నేనూ అంటున్నా. ఉంచమని మిమ్మల్ని ఎవరడిగారు? నేనడిగానా?"

నిజమే, ఆవిడ అడగలేదు. ఒక్కసారి కూడా ఉంచమని అడగలేదు. మావయ్య ఆవిడ మొహంలోకి చూశారు, అక్కడేదో అడిగినట్టు దొరుకుతుందేమోనని. అత్తయ్య ఆయన గిన్నెలో ఇంకో గరిటె చారు పోశారు.

గురువారం నేను కొట్టుకి అన్నం డబ్బా తీసుకెళ్ళాను. లోపల మావయ్య విప్పేసిన రేడియో పక్కకి నెట్టి, దీపం కిందకి వంచి, ఆ రికార్డు మీద భూతద్దం పెట్టి చూస్తున్నారు. నన్ను చూసి దాచబోయారు, దాచలేదు.

"అమ్మాయ్, నువ్వు రోజంతా ఇంట్లో ఉంటావు. మాట్లాడవు గానీ అన్నీ చూస్తావు. నిజం చెప్పు. ఆవిడ ఇది పెట్టుకోగా ఎప్పుడైనా విన్నావా?"

చెప్పాలా వద్దా అని డబ్బా మూత తీస్తూ ఆలోచించాను. నేను కాపరానికి వచ్చిన కొత్తలో, మావయ్య పుసాన్‌లో ఎవరిదో చావుకి వెళ్ళారు. బజారు నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే మా ఇంట్లోంచి ఒక అమ్మాయి పాట వినబడింది. రేడియో అనుకున్నాను. తలుపు తీసేసరికి పాట లేదు. అత్తయ్య గుడ్డ పెట్టి రికార్డు ప్లేయరు తుడుస్తున్నారు.

అదే చెప్పాను. "నేనూ సాయం పడదామని చెయ్యి వేశాను మావయ్యా. ప్లేయరు వెచ్చగా ఉంది."

కొట్టు ముందునుంచి చేపల బండి మైకులో అరుచుకుంటూ పోయింది.

"నేను ఇంట్లో ఉన్నప్పుడు పెట్టుకోవచ్చుగా. వద్దంటానా?"

"మీరు దాన్ని తోక అంటారు కదా మావయ్యా."

అంత మాట అన్నందుకు నాకే చెవులు వేడెక్కాయి. మామూలుగా అయితే పెద్దవాళ్ళకి ఎదురు చెప్పను. ఆయనకి కోపం రాలేదు. అన్నం తినలేదు కూడా. డబ్బా అలాగే మూసి వెనక్కి తెచ్చాను. అత్తయ్య డబ్బా బరువు బట్టే కనిపెట్టి, ఏమీ అడక్కుండా గిన్నెలోకి వంపేశారు.

శుక్రవారం పొద్దున మావయ్య కొట్టుకి వెళ్ళలేదు. కాగితం, కలం, కళ్ళద్దాలు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. ఒకసారి లేచి బాల్కనీలోకి వెళ్ళారు. ఒకసారి ముఖం కడుక్కొచ్చారు. పదకొండున్నర అయింది. వంటింట్లో అత్తయ్య ముల్లంగి తరుగుతున్నారు. నేను ఉతికిన గలీబులు మడతపెడుతున్నాను. కలం కాగితం మీద గీసిన చప్పుడు విన్నాను. తక్కువసేపే. మావయ్య వెనక్కి వాలి ఊపిరి వదిలారు.

"మున్సొక్ పైన నన్ను తంతాడు. తన్నించుకుంటాను," అన్నారు, నాతోనో గోడతోనో. తర్వాత గొంతు పెంచారు. "అమ్మాయ్, ఇలా రా. ఫోటో తీసి ఆ అబ్బాయికి పంపు. పంపేముందు ఒకసారి చదివి చూడు, తప్పులున్నాయేమో. గట్టిగా చదువు."

ఆ గట్టిగా ఎవరికోసమో నాకు అర్థమైంది. ఆయన మొహం వెలుగుతోంది. మూడు రోజుల తర్వాత ఇవాళే గడ్డం గీసుకున్నారు. నేను కాగితం తీసుకుని మొదటి పాట నుంచి చదివాను. అయిదు పాటలూ ఉంచాలి, పాడినవారు గిల్ మున్సొక్. ఆరో పాట.

"ఆరో పాట. ఉంచాలి. పాడినవారు..." అక్కడ నా గొంతు కొంచెం తగ్గింది. "జూహన్ అమ్మ."

వంటింట్లో కత్తి ఆగింది.

మావయ్య గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. బడిలో లెక్క సరిగ్గా చేసిన పిల్లవాడు పంతులు వైపు చూసినట్టు. అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చారు. నా చేతిలోంచి కాగితం తీసుకుని, దూరంగా పట్టుకుని, కళ్ళు చికిలించి చూశారు. చదవడానికి అంతసేపు పట్టదు.

"జూహన్ ఎప్పుడు పుట్టాడు?" అన్నారు.

"ఎనభై నాలుగులో. ఎందుకు?"

"నేను పాడిందెప్పుడు?"

మావయ్య చూపు ఆవిడ చేతిలోని కాగితం మీదికి పోయింది.

"ఆ రోజు నేను ఎవరి అమ్మనీ కాను. మీ పెళ్ళాన్ని కూడా కాను. బస్సు కండక్టర్ని." ఆవిడ గొంతు పెంచలేదు. ముల్లంగి ఎంతకిస్తావని అడిగినట్టే అన్నారు. కాగితం ఆయన ముందు పెట్టి, చేత్తో ఒకసారి సాపు చేశారు. "నాకు మూడక్షరాల పేరుంది. చోటు చాలకపోతే చిన్నగా రాయండి."

మళ్ళీ వంటింట్లోకి వెళ్ళారు. కత్తి చప్పుడు మళ్ళీ మొదలవుతుందని చూశాను. కాలేదు.

మావయ్య కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. 'జూహన్ అమ్మ' మీద ఒక గీత గీశారు. గీత కింద కలం ఆన్చారు. ఇంటిపేరు రాశారు, చా. రెండో అక్షరం సగం రాసి ఆగారు. నా వైపు వంగి, వంటింట్లోకి వినబడకుండా, గుసగుసగా అడిగారు.

"మధ్య అక్షరం కింద 'క' వస్తుందా, 'ఙ' వస్తుందా?"

మా లిపిలో అక్షరం చివరి హల్లు దాని కిందే రాస్తాం. పలికితే ఓంగ్నిమ్ అని వినబడుతుంది. రాసేటప్పుడు ఓక్‌నిమ్. ఆసుపత్రి మందుల పొట్లాల మీద చూసి ఉండకపోతే నాకూ తెలిసేది కాదు. పెళ్ళి నమోదు చేయించుకున్న రోజు తర్వాత ఆయన ఆ పేరు చేత్తో రాసి ఉండరు, నోటితో పిలిచి ఉండరు. ఈ ఊళ్ళో ఎవరూ ఆవిడని ఆ పేరుతో పిలవరు. నేనైతే సరే, కోడల్ని.

"క, మావయ్యా."

ఆయన రాశారు. చా ఓక్‌నిమ్. చోటు చాలింది, చిన్నగా రాయాల్సిన అవసరం రాలేదు. రాసింది ఒకసారి వేలితో తడిమి, కాగితం నా వైపు జరిపారు. పన్నెండుకి ఇంకా ఎనిమిది నిమిషాలుంది. నేను ఫోటో తీసి తేయిన్‌కి పంపాను. పంపానని చెప్పాను. మావయ్య తల ఊపి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నారు. వేళ్ళు కదలడం లేదు.

రెండు నిమిషాలకి ఫోన్ మోగింది. తేయిన్ మెసేజి. చదువు అన్నట్టు మావయ్య గడ్డం ఎత్తారు. అప్పటిదాకా గట్టిగా చదివిన అలవాటుతో నేను అదీ గట్టిగానే చదివేశాను.

"అందింది మాస్టారూ, చాలా సంతోషం. ఆరో పాట ఉంచుతున్నాం. ఈ చా ఓక్‌నిమ్ గారు ఎవరండీ? బతికే ఉన్నారా? మీకు తెలిసినవారేనా? ఎక్కడుంటారో చెప్తే నేనే వెళ్ళి కలుస్తాను. ఆవిడ గురించి అట్ట లోపల నాలుగు మాటలు రాయాలి."

వంటింట్లో కుళాయి నుంచి ఒక చుక్క గిన్నెలో పడింది.

మావయ్య ఫోన్ వైపు చూశారు, నా వైపు చూశారు. మంగళవారం ఆ అబ్బాయి అదే గదిలో, అదే బల్ల ముందు కూర్చుని అడిగాడు, ఎవరండీ ఆవిడ అని. తెలీదన్నారు మావయ్య. ఆ అబ్బాయి ఆవిడ చేతిలోంచే పండు ముక్క తీసుకుని తిన్నాడు.

"ఏం రాయమంటారు మావయ్యా?" అన్నాను.

ఆయన పెదవులు కదిలాయి. మాట మొదలవుతున్నట్టే ఉంది. వంటింటి గుమ్మం దాకా ఒకసారి చూపు వెళ్ళి, లోపలికి పోకుండా అక్కడే ఆగింది. బల్ల మీద చెయ్యి ఆన్చి లేచారు. మేకుకున్న టోపీ తీసుకున్నారు. గుమ్మం దగ్గర చెప్పుల్లోకి కాళ్ళు సరిగ్గా దూర్చకుండానే, మడమలు తొక్కుకుంటూ, తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు.